పాచికలిచ్చిన మనుష్యుడు

ఈ సంచికకు నన్నొక వ్యాసము వ్రాసి పంపుమని మన పాఠశాల పత్రికా సంపాదకులు కోరినప్పుడు, దేనిని గుఱించి వ్రాయుదునా యని కొన్నాళ్లు ఆలోచించితిని. దూరదేశమున నున్న పూర్వవిద్యార్థులు సాధారణముగా తమ యుద్యోగమును గుఱించియో, తాము చూచిన జలపాతములను గుఱించియో వ్రాయుదురు. నేనొక ఆటను గుఱించి వ్రాయదలచితిని. అందును అది పాచికలతో ఆడు ఆట. పాచిక యనగానే పెద్దలు కనుబొమలు ముడివైతురని ఎఱుగుదును. ధర్మరాజు రాజ్యమును, తమ్ములను, తన్నును, తుదకు ద్రౌపదిని ఓడినది పాచికల మూలముననే గదా! నలుడు అడవులపాలైనదియు అందువలననే. కాని నేను చెప్పబోవు ఆటలో పందెము లేదు. డబ్బు చేతులు మాఱదు. ఒకరు గెలిచి యొకరోడుట లేదు. తుదివఱకు ఓపికతో చదివిన పిమ్మట మంచిచెడ్డలు మీరే నిర్ణయింపుడు.

మొదట మన పాఠశాలలో జరిగిన నా కాలపు ముచ్చట యొకటి చెప్పవలయును. 1986 మొదలు 1989 వఱకు నేను ఇచ్చటి బోర్డింగులో నుండి చదువుకొంటిని. ఆ దినములలో మేము రాత్రి భోజనమైన పిమ్మట వరండాలో సుద్దముక్కతో గడులు గీచి అష్టాచెమ్మ ఆడెడివారము. గవ్వలు దొరకనందున చింతగింజలను రాతిపై ఒక ప్రక్క తెల్లబడువఱకు అరగదీసి, వానినే వేసెడివారము. ఒకనాటి రాత్రి వార్డెనుగారు చూచి, ఇది జూదమునకు తొలిమెట్టని మందలించి, ఆ గింజలను గుప్పిట బట్టి చీకటిలోనికి విసరివైచిరి. మఱునాడు మేము మరల నాలుగు గింజలు అరగదీసికొంటిమి. ఆ మందలింపునకు నేడు నాకు చింత లేదు. ఆ వరండాలోనే నేను చేసిన వేఱొక పని గలదు. దానికి నన్నెవరును మందలింపలేదు.

మా తరగతిలో నొక బాలునకు నత్తి యుండెను. ఉదయమున హాజరు పిలుచునప్పుడు అందఱును "ప్రజెంటు సార్" అని బదులు చెప్పుచుండగా, ఆతని వంతు వచ్చునప్పటికి మొదటి యక్షరమే పెదవులవద్ద నిలిచిపోయెడిది. మెడ నరములు ఉబ్బెడివి. కన్నులు నేలను చూచెడివి. మేము నవ్వెడివారము. నేనును నవ్వితిని. అంతటితో ఆగక, సాయంకాలము వరండాలో ఆతని మాటతీరును అనుకరించి తోడివారిని నవ్వించినదియు నేనే. ఒకమాఱు సెలవులకు ఇంటికి బోయినవాడు మరల రాలేదు. ఏల రాలేదో నేను విచారింపలేదు. చింతగింజలు పోయినందుకు దుఃఖించినంతైనను ఆతడు పోయినందుకు దుఃఖింపలేదు.

కాలము గడచెను. చదువు ముగించి, ఉద్యోగమునకై అమెరికా దేశమున మినెసోటా రాష్ట్రమునందలి మినియాపోలిస్ నగరము చేరితిని. మాకొక్కడే కుమారుడు. వానికి నాలుగవయేట మాట తడబడ నారంభించెను. పెరిగినకొలది పోవునని పెద్దలనిరి; చాలమంది పిల్లలకు అట్లే పోవును. వానికి మాత్రము పోలేదు. మాటకు సంబంధించిన చికిత్స చేయువారివద్దకు తీసికొనిపోయితిమి. వారెంతయో ఓర్పుతో సాయపడిరి. అయినను వాడు క్రొత్తవారియెదుట నోరు విప్పుట మానెను. ఇంటికి వచ్చినవారు "నీ పేరేమి బాబూ?" అని యడుగగా, వాడు పెదవి కదపకముందే నేను చెప్పివేయుచుంటిని. ఫోనులోను, అంగడిలోను, ఉపాధ్యాయులయెదుటను వాని మాటలన్నియు నేనే మాటలాడితిని. అది ప్రేమయే యనుకొంటిని. హాజరు పిలుచువేళ నవ్వినవాడు ఇప్పుడు తండ్రియై చేయవలసిన ప్రాయశ్చిత్తము ఇదియేనని కూడ ఒక్కొక్కప్పుడు తోచెడిది.

మా పొరుగింట తపాలాశాఖలో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న పెద్దమనిషి యొకరు గలరు. 2021వ సంవత్సరపు శీతకాలమున, మోకాలిలోతు మంచు పడి పిల్లలు ఇల్లు కదలలేక యున్న తఱి, ఆయన మావానిని, మఱి యిద్దఱు బాలురను శనివారము సాయంకాలములందు తమ యింటికి ఆటకు పిలిచిరి. ఒక్కడే పోవుటకు వాడు జంకగా నేనును వెంటబోయితిని. అక్కడ బల్లమీద ఒక పాత అట్టపెట్టె, కాగితములు, పెన్సిళ్లు, గుప్పెడు పాచికలు ఉండెను. ఆ యాట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. నేలమాళిగలు, నిప్పులు గ్రక్కు మహాసర్పములు అని మనము చెప్పుకొనవచ్చును.

ఈ యాట నేను పుట్టిన 1974వ సంవత్సరముననే మొదటిసారి అచ్చుపడినది. దీనిని కల్పించినవారిద్దఱు. గ్యారీ గైగాక్స్ విస్కాన్సిన్ రాష్ట్రమున లేక్ జెనీవా యను చిన్న పట్టణమున నుండెడివాడు. భీమాసంస్థలోని యుద్యోగము పోయిన పిమ్మట కొంతకాలము ఇంటనే పాదరక్షలు బాగుచేసి సంసారము నడపెను. రెండవవాడు డేవ్ ఆర్నెసన్, మా మినెసోటావాడే. వారి నియమములు మూడు చిన్న పుస్తకములుగా ఒక పెట్టెలో వెలువడినవి. తొలుత అచ్చొత్తించినవి వేయి ప్రతులు. గైగాక్స్ 2008లోను, ఆర్నెసన్ 2009లోను గతించిరి. వారి యాటకు 2024తో ఏబదియేండ్లు నిండినవి.

ఆడు విధము మన వీథినాటకమునకును, రాత్రివేళ కథ చెప్పుకొనుటకును నడుమ నుండును. ఒకరు నిర్వాహకులై లోకమును వర్ణింతురు: "మీ యెదుట నొక వంతెన, ఆవల నొక కాగడా వెలుగుచున్నది." తక్కినవారు తలకొక పాత్రను ధరించి, ఆ పాత్ర యేమి చేయునో, ఏమి పలుకునో చెప్పుదురు. ఫలితము సందేహమైనచోట పాచిక వేసి తేల్చుకొందురు. అందఱును ఒకే కథలోని తోడుదొంగలో, తోడువీరులో కావున ఒకరిపై నొకరు గెలువవలసిన పని లేదు. గుహ సొచ్చి, ప్రాణములతో బయటపడి, మఱుసటి శనివారము మరల కూడుటయే గెలుపు.

అయితే ముందుగా పాత్ర యుండవలయును గదా! అది పుట్టు విధమే నన్ను మిక్కిలి ఆకర్షించినది. ప్రతిపాత్రకును ఆఱు గుణములు: బలము, బుద్ధి, వివేకము, చురుకుదనము, దేహదార్ఢ్యము, ఆకర్షణము. తుదిదానిని ఇంగ్లీషున కరిస్మా యందురు. పరులు తన్ను జూచి యెట్లు ఆదరింతురో, తన మాట ఎంతవఱకు విందురో తెలుపునది. ఒక్కొక్క గుణమునకు ఆఱుముఖముల పాచికలు మూడు వేసి, పైకి వచ్చిన చుక్కలను కూడవలెను. 3 కన్న తక్కువ రాదు; 18 కన్న ఎక్కువ రాదు. 1974 నాటి పుస్తకములో ఈ పాచికలను నిర్వాహకుడే వేయవలెనని యుండెను. పిదప ఎవరి పాత్రకు వారే వేసికొను ఆచారము వచ్చినది. వచ్చిన అంకెలను వరుసగా వ్రాసికొనవలెను. బలమునకు పడినది బలమునకే, బుద్ధికి పడినది బుద్ధికే.

లెక్కలయందు ఆసక్తిగల విద్యార్థులకు ఇచ్చట నొక మాట. మూడు పాచికలు పడు విధములు ఆఱును ఆఱుతోను, మరల ఆఱుతోను గుణింపగా 216. వానిలో 18 వచ్చుట ఒక్క విధముననే. 3 వచ్చుటయు ఒక్క విధముననే. 10 వచ్చుటకు 27 విధములు, 11 వచ్చుటకు 27 విధములు గలవు. 9 మొదలు 12 వఱకు గల అంకెలన్నియు కలిపిన 104 విధములు. అనగా సగమునకు కొంచెము తక్కువ. కావున పాచికలు పుట్టించు లోకములోను మన లోకములోవలెనే మధ్యములు మెండు. మహాబలుడును, మహామూఢుడును అరుదు. 5 గాని అంతకు తక్కువ గాని వచ్చుటకు 10 విధములే గలవు. అది మిక్కిలి తక్కువగా తోచును. కాని ఆఱు గుణములకు ఆఱుమాఱులు వేయుదుము గావున, సగటున నలుగురిలో నొకనికి ఎక్కడనో యొకచోట అట్టి కొఱత పడుచుండును. ఈ లెక్క మీరు స్వయముగా చేసి చూడుడు.

ఇంతటి కాఠిన్యము అందఱికి రుచింపలేదు. 1979లో గైగాక్స్ వ్రాసిన నిర్వాహకుల గ్రంథములో, నాలుగు పాచికలు వేసి అన్నిటిలో చిన్నదానిని తీసివేసి, వచ్చిన ఆఱు మొత్తములను ఇష్టమైన గుణములకు పంచుకొను పద్ధతి చెప్పబడినది. అందువలన సగటు పదిన్నర నుండి పన్నెండు దాటును. 18 వచ్చు అవకాశము సుమారు మూడున్నర రెట్లగును. 2014 నాటి గ్రంథములో పాచికలే వలదనువారికి రెండు దారులు గలవు. 15, 14, 13, 12, 10, 8 అను సిద్ధమైన అంకెలను పంచుకొనవచ్చును; లేదా 27 పాయింట్లను మూలధనముగా పెట్టుకొని గుణములను కొనుక్కొనవచ్చును. ఇక 1977లో మార్క్ మిల్లర్ రచించిన ట్రావెలర్ అను అంతరిక్షయానపు ఆట సంగతి మఱియు విచిత్రము. అందు పాత్ర పదునెనిమిదవయేట కొలువులో జేరి, నాలుగేండ్లకొకమాఱు పాచికలు వేసి బ్రతికెనా లేదా యని చూచుకొనవలెను. పాచికలు ప్రతికూలించినచో ఆట మొదలుగాకముందే పాత్ర మరణించును. మరల మొదటినుండి వేసికొనవలసినదే!

నేను వృత్తిచేత ఇంజనీరును. కొలిచి, తూచి పంచుకొను పద్ధతియే నాకు నచ్చినది. "అందఱికి సమానముగా పాయింట్లిచ్చిన ఎవరికిని అన్యాయము జరుగదు గదా?" అని పొరుగువారి నడిగితిని. ఆయన చిఱునవ్వు నవ్వి, "మీ మాట న్యాయమే. మూడేండ్లు ఒకే పాత్రతో సాగవలసిన చోట తోటివాని అంకెలు చూచి అసూయపడువా డుండిన ఆట చెడును. అట్టి చోట పంచుకొనుటయే మంచిది. కాని ఎన్నుకొనుడని పిల్లలకు వదలిన, వారు ప్రతిమాఱును తమకు ముందే తెలిసిన వీరునే తెచ్చుకొందురు. పాచికలు తెలియనివానిని తెచ్చును. వాడెవడో తెలిసికొనుటలో నొక సంతోషము గలదు" అనిరి. ఆయన ఆడించునవి టామ్ మోల్డ్‌వే సవరించిన 1981 నాటి నియమములు. బల్లమీది పాత పెట్టె అదియే. అందు మూడే పాచికలు, వరుస తప్పరాదు.

మొదట తక్కిన బాలురిద్దఱు వేసికొనిరి. ఒకనికి బలము 16 పడగా వాడు కుర్చీనుండి లేచి గంతులు వేసెను. తరువాత మావాని వంతు. బలము 11; బుద్ధి 9; వివేకము 14; చురుకుదనము 12; దేహదార్ఢ్యము 8. మిగిలినది ఆకర్షణము. వాడు మూడు పాచికలు గుప్పిట కదల్చి విడిచెను. ఒకటి, ఒకటి. మూడవది దొరలి దొరలి వచ్చి నా చేతిప్రక్కన నిలిచెను. దానిపై మూడు చుక్కలు. మొత్తము 5.

నా గుండె జల్లుమనెను. ఒక్క మాట పలుకుటకు ఇంత పాటుపడు బిడ్డకు ఊహాలోకమునందును ఇదియేనా? వాడింకను చూడలేదనుకొని, కాగితములు సవరించువానివలె నా మోచేతితో ఆ పాచికను త్రోసితిని. అది పొరలి 6 చూపెను. "అయ్యో, నా చేయి తగిలినది. అది ఇంకను ఆగలేదు. మరల వేయుము" అంటిని. బల్లచుట్టును నిశ్శబ్దమయ్యెను. పొరుగువారు నావైపు చూచిరిగాని ఏమియు ననలేదు.

మావాడు నావైపు తిరిగి, తెలుగున, ఆగి ఆగి, "నా... నా... నాన్నా, అది ఆగిన తరువాతనే మీ చేయి తగిలినది. నేను చూచితిని. మూడు. అది నాది" అనెను. బదులు చెప్పుటకు నాకు మాట దొరకలేదు. వాడు ఆ పాచికను తీసి, మూడు చుక్కలు పైకి వచ్చునట్లు మరల బల్లపై నుంచి, తన కాగితమున 5 అని స్పష్టముగా వ్రాసికొనెను. నలుబదియేడేండ్ల వయస్సున, పండ్రెండేండ్ల కొడుకుచేత, పిల్లలయాటలో మోసము చేయుచు పట్టువడినవాని సిగ్గు ఎట్టిదో అప్పుడు తెలిసినది.

అంకెలు వచ్చినవి, ఇక మనుష్యుడు రావలెను. పొరుగువారు ఆ కాగితమును చూచి, "వివేకము 14, ఆకర్షణము 5. ఇంత వివేకము గలవానిని లోకులేల ఆదరింపరు? ఎవ డితడు?" అని మావానినే ప్రశ్నించిరి. ఈ పద్ధతిలోని మర్మము అదియే యని అప్పుడు నాకు తోచెను. పాచికలు కథ చెప్పవు, ప్రశ్న వేయును. మనమే ఎన్నుకొన్న అంకెకు కారణము మన కోరికయే గావున అడుగుటకు ఏమియు లేదు. తానై పడిన అంకెకు కారణమును మనము వెదకుకొనవలెను. ఆ వెదకుటలో మనుష్యుడు పుట్టును. మావాడు కొంతసేపు పెన్సిలు కొఱికి, వ్రాసి చూపెను: సముద్రపుటొడ్డున దీపస్తంభమున పదియేండ్లు ఒంటిగా దీపము కాచిన సాధువు. పలుకరించువారు లేక మాట తుప్పుపట్టినది. పేరు సోమన్న. పరదేశపు ఆటలో తెలుగు పేరు ఏల పెట్టెనో నేనడుగలేదు.

చిన్న చిన్న వివరములకు సైతము వారు పాచికలనే ఆశ్రయించిరి. 2014 నాటి గ్రంథమున పాత్రయొక్క పూర్వజీవితమును బట్టి పట్టికలు గలవు. ఎనిమిది ముఖముల పాచికతో స్వభావమును, ఆఱుముఖముల పాచికతో ఆదర్శమును, అనుబంధమును, లోపమును తేల్చుకొనవచ్చును. ఆ మాదిరి చూచి పొరుగువారు తామే యొక పట్టిక వ్రాసియుంచిరి. అందు మావానికి మూడు వివరములు పడినవి: ఎడమచేతి వాటము, తీపియన్న చాపల్యము, చీకటియన్న భయము. "దీపము కాచువానికి చీకటియన్న భయమా?" అని ఒక బాలుడు పకపక నవ్వెను. మావాడు నవ్వలేదు. కాగితముపై నొక వాక్యము వ్రాసి వాని ముందుంచెను: "అందుచేతనే దీపము కాచెను." అది చదివి ఆ బాలుడు ఊరకుండెను. పొరుగువారు కండ్లజోడు తీసి తుడుచుకొనిరి.

పిదప మూడు పాచికలు వేసి, మొత్తమును పదితో గుణించి, అన్ని బంగారు నాణెములతో తాడు, కాగడాలు, నూనె, రొట్టెలు కొనుక్కొనిరి. ఆకర్షణము 5 గలవానిని ఇద్దఱికన్న ఎక్కువమంది జీతగాండ్రు అనుసరింపరని నియమము. సోమన్న ఎవరిని పెట్టుకొనక, నూనె మాత్రము రెండింతలు కొనెను.

రెండు శనివారములు మావాడు మాటలాడక, తన పాత్ర చేయు పనిని కాగితముపై వ్రాసి చూపుచు గడపెను. మూడవ శనివారమున గుహలో దెబ్బలుతిని వారు వెనుదిరిగి వచ్చుచుండగా, ఒక వంతెనవద్ద ఆయుధపాణులైన కావలివారు అడ్డగించిరి. తక్కిన ఇద్దఱి పాత్రలును గాయపడి పడియున్నవి. నిలిచియున్నవాడు సోమన్న యొక్కడే. "కావలివాడు ఈటె యెత్తి, మీరెవ్వరని యడుగుచున్నాడు. ఏమందువు?" అని పొరుగువారు మావానిని చూచిరి. అలవాటుచొప్పున నేను నోరు తెఱచితిని. కాని ఆ యాటలో నాకు పాత్ర లేదు. ఆ వంతెనమీద నేను లేను. నా మాట అచ్చట ఎవరికిని వినబడదు. నోరు మూసికొంటిని.

మావాడు కాగితమునకై చేయి చాపి, మరల వెనుకకు తీసికొనెను. అటుపిమ్మట మాటలాడెను. తడబాటును దాచుకొనుటకు యత్నింపలేదు. సోమన్నకు మాట రాదని అందఱికి తెలిసినదే గదా! "మా... మావారికి దెబ్బలు తగిలినవి. మీ కా... కా... కాగడా ఆరిపోవుచున్నది. నాయొద్ద నూనె గలదు. తీసికొని దా... దారి యిండు." ఈ నాలుగు వాక్యములకు ఒక నిమిషమునకు పైగా పట్టెను. ఎవరును నవ్వలేదు, ఎవరును పూరింపలేదు. పొరుగువారు రెండు పాచికలు వేసిరి. క్రొత్తవారు మనలను ఎట్లు చూతురో తేల్చునవి ఆ రెండే. ఆఱు, నాలుగు, పది. ఆకర్షణపు కొఱతకు ఒకటి తీసివేయవలెను, తొమ్మిది. తొమ్మిది వచ్చిన ఎదుటివాడు బేరము వినును. "కావలివాడు ఈటె దింపి, నూనెకుప్పె యందుకొనుచున్నాడు" అని ఆయన చెప్పగానే, బలము 16 గల బాలుడు బల్లపై చఱచి కేక వేసెను.

ఆ రాత్రి మంచులో ఇంటికి నడచి వచ్చుచు నేను, "ఇన్నినాళ్లు మాటలాడనివాడవు, ఈనాడెట్లు మాటలాడితివి?" అని యడిగితిని. వాడు కొంతదూరము నడచి, "సోమన్న అట్లే మాటలాడవలెను గదా, నాన్నా. అది వాని అంకె" అనెను. నేను ఆలోచనలో పడితిని. నా కోరికయే నెఱవేఱి పాయింట్లతో వానికి 18 కొనియిచ్చియుండిన, వాని పాత్ర మహావక్త యగును. మహావక్త వేషము ధరించి మావాడు నోరు తెఱచి యుండునా? ఏ యంకె పడరాదని నేను మోచేతితో త్రోసితినో, ఆ యంకెయే వానికి మాటలాడుటకు సెలవిచ్చినది. ఏండ్లుగా అతిథులయెదుటను, ఫోనులోను నేను చేయుచు వచ్చినదియు ఆ మోచేతి పనియే. వాని మాట పడకముందే త్రోసి, నా మాట పైకి వచ్చునట్లు చేయుచుంటిని.

ఇందువలన పాచికల పద్ధతియే శ్రేష్ఠమని నేను వాదింపను. మనుష్యులు ఆఱు అంకెలు కారు. ఒకనికి పేదరికము పడినది, మఱొకనికి రోగము పడినది, మనమేమి చేయుదుమని చేతులు ముడుచుకొనుట ఆటలో చెల్లునేమోగాని ఇరుగుపొరుగులో చెల్లదు. మావాని చికిత్సను మేము మానలేదు. మార్పదగినదానిని మార్చుటకు యత్నింపవలసినదే. కాని యత్నమునకు ముందు, బల్లపై పడినదేదో ఉన్నదున్నట్లు చూడవలెను. మోచేతితో త్రోసి తెచ్చుకొన్న అంకెపై ఎవరు ఏమి కట్టినను అది వానిది కాదు. ఈ చిన్న సంగతి పండ్రెండేండ్లవానికి తెలిసినది. వాని తండ్రికి తెలియలేదు.

వాని నత్తి పోలేదు; నేడును గలదు. కాని నేను వానికి మాఱుగా మాటలాడుట మానితిని. అది నాకు కష్టమైన పని యనియే చెప్పవలెను. 2023లో ఒకనాడు పంటివైద్యునివద్దకు పోవుటకై వాడే ఫోను చేసెను. మొదటి యక్షరము వెలువడకముందే అవతలివారు, ఎవరును లేరనుకొని, ఫోను పెట్టివేసిరి. నేను ప్రక్కగదిలో నిలిచి పిడికిళ్లు బిగించుకొంటిని. వాడు మరల చేసెను. రెండవమాఱు వారు ఆగిరి. పని అయినది.

ఇక ఈ వ్యాసమును ఈ పత్రికకే ఏల పంపితినో చెప్పి ముగింతును. మా తరగతిలో హాజరు పలుకలేక పోయిన ఆ సహాధ్యాయుడు ఎచ్చట నున్నాడో నాకు తెలియదు. ఆతని పిల్లలో, మనుమలో ఈ పాఠశాలలోనే చదువుచుండవచ్చును. ఈ పుట ఆతని కంటబడవచ్చును. బడినచో, వరండాలో నిన్ను అనుకరించి నవ్వించినవాడు నేనేయని, ముప్పదియేండ్లకు పైగా ఆలస్యముగా క్షమాపణ వేడుచున్నానని తెలిసికొందువుగాక.

విద్యార్థులారా, మీ తరగతిలోను అట్టివా డొకడుండవచ్చును. రేపు హాజరు పిలుచునప్పుడు ఆతని వంతు వచ్చినచో నవ్వకుడు. జాలిపడి ఆతనికి బదులుగా మీరు పలుకకుడు. కొంచెము ఆగుడు. ఆతడే చెప్పును.

— ఒక పూర్వవిద్యార్థి